మొదటి స్కీ సెలవు: బూటు దగ్గర మొదలుపెట్టండి

జర్మనీలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాల నుంచి, పిల్లల దగ్గరికి వెళ్లబోతున్న తల్లిదండ్రుల నుంచి ఈసారి మంచు సెలవుల మీద ప్రశ్నలు వచ్చాయి. ఎక్కువమంది అడిగింది మ్యూనిక్ నుంచి రెండున్నర, మూడు గంటల కారు దూరంలో ఉన్న ఆస్ట్రియా ఊళ్లు త్సెల్ అమ్ జే, కాప్రున్‌ల గురించే. అందుకని జవాబులు ఆ ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. బూట్లు, లిఫ్టులు, వాతావరణం గురించి చెప్పినవి ఆల్ప్స్‌లో ఎక్కడికి వెళ్లినా పనికొస్తాయి.

మేం మ్యూనిక్‌లో ఉంటాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. ఎవరికీ స్కీయింగ్ రాదు. ఫిబ్రవరి సెలవుల్లో వారం వెళ్దామనుకుంటున్నాం. మావారి స్నేహితుడొకరు తానే నేర్పిస్తానంటున్నారు. స్కూలు ఫీజు మిగిలినట్టే కదా?
— ఒక పాఠకురాలు, మ్యూనిక్

స్నేహితుడిని సాయంత్రం భోజనానికి పిలవండి, నేర్పడానికి వద్దు. ఆయన మంచి స్కీయరే కావచ్చు. కానీ బాగా వచ్చినవాళ్లకు, రానివాళ్లకు ఏది భయమో గుర్తుండదు. మామూలుగా జరిగేదేమిటంటే, కింద అరగంట సేపు చూపించి, "నీలం పిస్టే కదా, ఏం కాదు" అని గొండోలాలో, అంటే తాడు మీద నడిచే మూసిన క్యాబిన్లో, పైకి తీసుకెళ్తారు. పిస్ట్ అంటే స్కీయింగ్‌కు సిద్ధం చేసిన మంచు దారి, రంగు దాని కష్టాన్ని చెబుతుంది. ఆస్ట్రియా, జర్మనీ కొలతల ప్రకారం నీలం పిస్ట్ వాలు 25 శాతం దాకా ఉండొచ్చు, ఎరుపు 40 శాతం దాకా, అంతకు మించితే నలుపు. అంటే నీలంలోనూ నాలుగు మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు కిందికి జారే చోట్లుంటాయి. ఆగడం రాని మనిషికి అది గోడలా కనిపిస్తుంది. భయంతో ఒళ్లు వెనక్కి వాలుస్తాడు. వెనక్కి వాలగానే స్కీల ముందు భాగం మీద బరువు పోతుంది, స్కీ మాట వినదు, వేగం పెరుగుతుంది. ఇలా వెనక్కి కూర్చున్నట్టు పడ్డప్పుడు మోకాళ్లు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ.

స్కీ స్కూల్లో మొదటి రోజంతా దాదాపు చదునుగా ఉన్న చోటే గడుస్తుంది. పిల్లలకు 'పిజ్జా', 'ఫ్రైస్' అని నేర్పుతారు. స్కీల ముందు కొసలు దగ్గరగా, మడమలు దూరంగా తోస్తే పిజ్జా ముక్క ఆకారం, అది బ్రేకు. రెండూ సమాంతరంగా పెడితే ఫ్రైస్, అది వేగం. పెద్దవాళ్లకు నేర్పేదీ అదే. కుడి కాలి మీద బరువు వేస్తే ఎడమకు, ఎడమ కాలి మీద వేస్తే కుడికి తిరుగుతారు. ఈ ఒక్క సంగతి ఒంటికి పట్టడానికే రెండు రోజులు పడుతుంది. పాపకు, బాబుకు వేర్వేరు గ్రూపులు, మీ ఇద్దరికీ పెద్దల గ్రూపు తీసుకోండి. భార్యాభర్తలు ఒకరికొకరు నేర్పుకోవద్దు. పిల్లల గ్రూపులకు మధ్యాహ్నం భోజనంతో కలిపి చూసుకునే ఏర్పాటు చాలా స్కూళ్లలో ఉంటుంది, బుక్ చేసేటప్పుడే అడగండి. కోర్సులు ఎక్కువగా ఆదివారమో సోమవారమో మొదలవుతాయి, మధ్యలో చేరితే గ్రూపు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది.

లిఫ్ట్ పాసు విషయానికొస్తే, మొత్తం ప్రాంతానికి ఆరు రోజుల పాసు ముందే కొనకండి. మొదటి రెండు మూడు రోజులు మీకు కావలసింది శిక్షణ మైదానంలోని మ్యాజిక్ కార్పెట్, అంటే నిలబడితే పైకి మోసుకెళ్లే బెల్టు. దానికి విడిగా చిన్న టికెట్టో పాయింట్ల కార్డో ఉంటుంది. పెద్ద పాసు ఎప్పుడు కొనాలో మీ శిక్షకుడే చెబుతారు.

సామాను కూడా కొనొద్దు, అద్దెకు తీసుకోండి. పిల్లల పాదాలు వచ్చే ఏడాదికి ఇలాగే ఉండవు. సొంతంగా కొనాల్సినవి స్కీ మేజోళ్లు మనిషికి రెండు జతలు, నీళ్లు దిగని గ్లౌజులు, గాగుల్స్, లోపల వేసుకునే థర్మల్స్. నూలు బనియన్లు వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతాయి, లిఫ్ట్ మీద కూర్చోగానే వణుకు పుడుతుంది. హెల్మెట్ పెద్దలూ పెట్టుకోండి. త్సెల్ అమ్ జే, కాప్రున్ ఉన్న సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలో 15 ఏళ్లలోపు పిల్లలకు అది తప్పనిసరి. పక్కనే ఇటలీకి వెళ్తే 2025 నవంబరు 1 నుంచి అన్ని వయసులవాళ్లకూ తప్పనిసరే.

వారం సంగతి. జనవరి 6 దాటాక నెలాఖరు దాకా అద్దెలు తక్కువ, జనం తక్కువ. కానీ పాప బడిలో ఉంది కాబట్టి మీకు ఆ వీలు లేదు, మీ రాష్ట్రం బవేరియాలో సెలవు లేని రోజుల్లో బడి మానిపించడానికి ఒప్పుకోరు. మీరన్న ఫిబ్రవరి సెలవులు, అంటే కార్నివాల్ వారమే మిగిలింది. ఆస్ట్రియా రాష్ట్రాల సెమిస్టర్ సెలవులూ ఫిబ్రవరిలో వారం తేడాతో వస్తాయి. రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. గది, కోర్సు, అద్దె సామాను మూడూ శరదృతువులోనే బుక్ చేసేయండి. గదులు శనివారం నుంచి శనివారానికి ఇస్తారు, ఆ రోజు పొద్దున హైవే నిండిపోతుంది. తెల్లవారకముందే బయలుదేరండి.

పోయిన ఏడాది అద్దె బూట్లతో నరకం చూశాను. పాదం తిమ్మిరెక్కి గంటకోసారి విప్పాల్సొచ్చింది. నా పాదమే స్కీయింగ్‌కి సరిపడదేమో అనిపించింది.
— ఒక పాఠకుడు, ఫ్రాంక్‌ఫర్ట్

మీ పాదంలో ఏ తప్పూ లేదు. మీరు చెప్పినదాన్ని బట్టి బూటు పెద్దదై ఉంటుంది. బిగువుగా ఉందేమోనని ఒక సైజు పెద్దది తీసుకుంటారు. లోపల పాదం కదులుతుంది కాబట్టి క్లిప్పులు గట్టిగా బిగిస్తారు. ఆ బిగింపు పాదం పైభాగంలో నరాల్ని, రక్తనాళాల్ని నొక్కేస్తుంది. అదే తిమ్మిరి, దాని వెనకే చలి.

అద్దె దుకాణంలో ఇలా చూసుకోండి. స్కీ బూటు సైజు సెంటీమీటర్లలో ఉంటుంది. గోడకు మడమ ఆనించి నిలబడి పాదం పొడవు కొలిస్తే 26.5 వచ్చిందనుకోండి, సైజు కూడా 26.5. మామూలు చెప్పుల నంబరు చెప్పకండి. మేజోడు ఒక్కటే వేసుకోవాలి, చలికని రెండు వేస్తే మడతలు పడి నొక్కుతాయి. థర్మల్ ప్యాంటు అంచు బూటు లోపలికి పోకూడదు, పిక్క దగ్గరే ఆపండి. ఆ అంచు మడత ఒక్కటి చాలు, మధ్యాహ్నానికి కాలి ముందు ఎముక మీద ఎర్రటి గీత తేలి మంట పుడుతుంది.

కాలు పెట్టాక మడమను నేలకు రెండుసార్లు గట్టిగా తాటించండి, పాదం వెనక్కి సర్దుకుంటుంది. ముందు చీలమండ దగ్గర క్లిప్పు, తర్వాత పైవి, పైనున్న వెల్క్రో పట్టీ, చివరగా వేళ్ల దగ్గరివి. వేళ్ల దగ్గరివి ఊడిపోకుండా ఉంటే చాలు, బిగించక్కర్లేదు. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు గోడను తాకాలి. మోకాళ్లు వంచి ముందుకు ఒరిగితే ఆ తాకిడి పోవాలి. మడమ పైకి లేవకూడదు. ఈ మూడూ కుదిరితే అది మీ సైజే. పది నిమిషాలు దుకాణంలోనే అటూ ఇటూ నడవండి. నొప్పి ఒక చోట సూదిలా పొడుస్తుంటే మార్చమనండి. వారం మధ్యలో వెళ్లినా చాలా దుకాణాలు మారుస్తాయి, మొహమాటపడొద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి బైండింగ్. బూటును స్కీకి పట్టి ఉంచి, పడ్డప్పుడు వదిలేసే యంత్రం అది. ఎంత బలానికి వదలాలో బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీ స్థాయి చూసి లెక్క కడతారు. పదేళ్లలోపు పిల్లలకు, 50 దాటినవాళ్లకు ఒక మెట్టు తగ్గిస్తారు. బరువు అడిగితే సిగ్గుపడి తగ్గించో, స్థాయి అడిగితే గొప్పకు పెంచో చెప్పొద్దు. తక్కువగా పెడితే నడుస్తుండగానే ఊడుతుంది, ఎక్కువగా పెడితే పడ్డప్పుడు ఊడదు, మెలిక మోకాలికి పోతుంది. పిస్ట్ మీద స్కీ బూటుకు పట్టకపోతే స్క్రూ ముట్టుకోకండి. బూటు అడుగున గట్టిపడ్డ మంచు ముద్ద ఉంటుంది. పోల్ (చేతిలో పట్టుకునే స్కీ కర్ర) కొసతో గీకేసి, ముందు వేళ్లు దూర్చి, తర్వాత మడమ నొక్కండి, టక్కుమని పడుతుంది.

రాత్రి బూట్లు కారులో వదలొద్దు. చలికి ప్లాస్టిక్ రాయిలా బిగుసుకుని పొద్దున కాలు దూరదు. బూట్లు ఆరబెట్టే గది ఉంటే అక్కడ పెట్టండి. లేకపోతే లోపలి మెత్తటి పొర బయటికి తీసి గదిలో ఆరనివ్వండి. హీటర్ మీద మాత్రం పెట్టొద్దు.

చెయిర్‌లిఫ్ట్ దిగేటప్పుడు రెండుసార్లు పడ్డాను. ఇంగ్లీషు టీ ఆకారంలో ఉన్న కొక్కెం లిఫ్ట్ అయితే ఎక్కనేలేకపోయాను.
— ఒక పాఠకురాలు, స్టుట్‌గార్ట్

ఆ టీ-బార్ మీద కూర్చోబోయి ఉంటారు, అందరూ చేసే తప్పే. అది కుర్చీ కాదు, వెనక నుంచి తోసే కర్ర. మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడండి, స్కీలు ముందుకు తిన్నగా పెట్టండి, లాగనివ్వండి. పడితే కర్ర వదిలేసి వెంటనే పక్కకు దొర్లండి, వెనక జంట వస్తూ ఉంటుంది.

చెయిర్‌లిఫ్ట్‌కి పోల్స్ పట్టీలు మణికట్టు నుంచి తీసి రెండూ ఒక చేత పట్టుకోండి. బ్యాగు వీపు మీద ఉంటే ఒళ్లోకి తెచ్చుకోండి, దాని తాడు కుర్చీకి తగులుకుంటే దిగలేరు. దిగే ముందు స్కీ కొసలు పైకెత్తండి, నేల తగలగానే లేచి నిలబడి తిన్నగా ముందుకు జారిపోండి. దిగిన చోటే ఆగి గ్లౌజు సర్దుకుంటే వెనకవాళ్లు వచ్చి మీద పడతారు. జడ పొడుగ్గా ఉంటే జాకెట్టు లోపల దోపుకోండి, మఫ్లర్ కూడా అంతే. ఆస్ట్రియాలో 1.25 మీటర్ల ఎత్తు లేని పిల్లలు పెద్దల తోడు లేకుండా చెయిర్‌లిఫ్ట్ ఎక్కకూడదు.

పోల్ పట్టీ గురించి ఒక మాట. పట్టీలోకి చెయ్యి కింది నుంచి పైకి దూర్చి, పట్టీతో కలిపి పిడి పట్టుకోండి. పడుతున్నప్పుడు వేళ్లు విప్పేయండి. పోల్‌ను వదలకుండా పడితే బొటనవేలు పక్కకు విరిచినట్టై దాని మొదట్లోని లిగమెంటు తెగుతుంది. దానికి 'స్కీయర్ బొటనవేలు' అనే పేరే ఉంది.

అబ్బాయి మ్యూనిక్‌లో ఉన్నాడు. డిసెంబరులో మేమిద్దరం వెళ్తున్నాం, వాళ్లతో పాటు ఈ మంచు ఊరికీ. నాకు 64, ఆవిడకు 60, బీపీ ఉంది. మేం శాకాహారులం. వీసా, బీమా, తిండి, బట్టలు ఎలా?
— ఒక పాఠకుడు, విజయవాడ

వీసా ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటారో ఆ దేశానిదే అడగాలి. అబ్బాయి ఇంట్లోనే ఎక్కువ రోజులుండి ఆస్ట్రియాకు నాలుగు రోజులే వెళ్తే జర్మనీకి దరఖాస్తు చేయండి. షెంగెన్ వీసా కాబట్టి ఆస్ట్రియాకు విడిగా అక్కర్లేదు. ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, క్రిస్మస్ ముందు అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి ఆలస్యం చేయొద్దు.

వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. అయితే వీసా కోసం కొన్న పాలసీలో మంచు ఆటలు ఉన్నాయనుకోవద్దు, చాలా పాలసీల్లో అవి మినహాయింపుల జాబితాలో ఉంటాయి. స్కీ చేయకపోయినా స్లెడ్జి ఎక్కుతారు కదా, అదీ చూసుకోండి. పాలసీ కాగితంలో మూడు వెతకండి: శీతాకాలపు ఆటలు, కొండ మీద నుంచి హెలికాప్టర్‌లో దించే ఖర్చు, ముందే ఉన్న జబ్బు. బీపీ సంగతి దాచకుండా రాయండి. అబ్బాయివాళ్లకూ ఇదే మాట: జర్మనీ ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు ఆస్ట్రియా ఆసుపత్రిలో అత్యవసర వైద్యానికి పనికొస్తుంది, కొండ మీద నుంచి దించినందుకు వచ్చే బిల్లుకు కాదు. పర్వతారోహకుల సంఘమైన ఆల్పైన్ క్లబ్ సభ్యత్వంతో పాటు ఆ రెస్క్యూ బీమా వస్తుంది, తీసుకోమనండి.

త్సెల్ అమ్ జే ఊరు సరస్సు ఒడ్డున 757 మీటర్ల ఎత్తులోనే ఉంది, అక్కడ ఊపిరికి ఇబ్బందేం ఉండదు. కాప్రున్ నుంచి కిట్జ్‌స్టైన్‌హార్న్ మీది స్టేషన్ 3,029 మీటర్లు. కేబుల్ కారులో కాసేపట్లోనే అంత పైకి చేరిపోతారు. ఆవిడ వెళ్లే ముందు ఇక్కడే డాక్టరును అడిగి రండి. అనుమతిస్తే మధ్య స్టేషన్లో కాసేపు ఆగుతూ వెళ్లండి, పైన మెట్లు గబగబా ఎక్కొద్దు, తలనొప్పో ఆయాసమో అనిపిస్తే దిగిపోవడమే మందు. స్కీ చేయనివాళ్లకు నడిచేవాళ్ల టికెట్టు విడిగా ఉంటుంది. సరస్సు గడ్డకట్టినట్టు కనిపించినా, తెరిచామని అధికారులు బోర్డు పెడితే తప్ప దాని మీద అడుగు పెట్టొద్దు.

చీర కట్టుకోవచ్చు, ఊళ్లో తిరగడానికి, లోపల ఉన్ని లెగ్గింగ్స్ వేసుకుని. లిఫ్ట్ ఎక్కే రోజు మాత్రం వద్దు, కుచ్చిళ్లు తడిసి బిగుసుకుంటాయి, కాళ్లకు అడ్డం పడతాయి. ఆ రోజు ప్యాంటు, మోకాళ్ల దాకా జాకెట్టు. గాజు గాజులు తీసేయండి, జారిపడితే మణికట్టు కోసుకుంటాయి. ఉంగరాలూ అంతే, చలికి వేలు సన్నబడి గ్లౌజుతో పాటు ఊడొచ్చి మంచులో పడితే దొరకవు. బూట్లకు కింద తొడుక్కునే ముళ్ల పట్టీలు అక్కడే దొరుకుతాయి. అన్నిటికన్నా ముందు కొనాల్సింది అవే, పెద్దవాళ్లు పడేది కొండ మీద కాదు, గది ముందు గడ్డకట్టిన మెట్ల మీద.

తిండికి వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోమనండి. పొయ్యి ఇండక్షనా అని ముందే అడగండి. ఇండక్షన్ అయితే ఇంట్లోని మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు, అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కర్ పట్టుకెళ్లాలి. మన దేశం నుంచి యూరప్‌కు నెయ్యి, కోవా స్వీట్లు, పాలతో చేసినవేవీ తీసుకెళ్లనివ్వరు. పచ్చి కరివేపాకుకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. ఆవకాయ, కందిపొడి, ఎండు కరివేపాకు తీసుకెళ్లండి, నెయ్యి అబ్బాయి అక్కడే వెన్న కాచి చేస్తాడు. ఎత్తైన ఊళ్లకు, ఉదాహరణకు 1,930 మీటర్ల ఓబర్‌గుర్గ్ల్‌కు వెళ్లేవాళ్లు కుక్కర్ మర్చిపోవద్దు. అక్కడ నీళ్లు 94 డిగ్రీల లోపే మరుగుతాయి, గిన్నెలో కందిపప్పు ఎంతకీ మెత్తబడదు.

కొండ మీది హోటళ్లలో గుడ్డు తినేవాళ్లకు కైజర్‌ష్మార్న్ బాగుంటుంది, ముక్కలు చేసిన తీపి దోసె లాంటిది. కేజెష్పెట్స్లె అనే చీజు వంటకం పిండిలోనూ గుడ్డు ఉంటుంది. బంగాళాదుంప సూప్‌లో పంది మాంసపు ముక్కలు వేస్తుంటారు, 'ఓనె ష్పెక్' అని అడగండి, అంటే అది లేకుండా అని.

మ్యూనిక్ నుంచి సొంత కారులో వెళ్తున్నాం. టైర్లు 'అన్ని కాలాలవి'. సరిపోతాయా?
— ఒక పాఠకుడు, ఆగ్స్‌బర్గ్

టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తు ఉందేమో చూడండి. ఉంటే సరిపోతాయి. ఒక్క ఎం ప్లస్ ఎస్ అక్షరాలే ఉంటే జర్మనీలో 2024 అక్టోబరు నుంచి శీతాకాలపు టైరుగా లెక్కలోకి రాదు. ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా రోడ్డు మీద మంచు, ఐసు ఉంటే శీతాకాలపు టైర్లు ఉండాల్సిందే, టైరు మీది గాడుల లోతు కనీసం 4 మిల్లీమీటర్లు.

గొలుసులు కూడా పెట్టుకోండి. నీలం గుండ్రటి బోర్డులో గొలుసు చుట్టిన చక్రం కనిపిస్తే వేయకుండా ముందుకు వెళ్లకూడదు. ఇంజను ఏ చక్రాలను తిప్పుతుందో వాటికే వేయాలి, చిన్న కార్లలో ఎక్కువగా ముందువాటికి. ఇంటి ముందు పొడి నేల మీద ఒకసారి వేసి తీసి చూడండి. చీకట్లో, మంచు కురుస్తుండగా, గ్లౌజులతో మొదటిసారి వేయబోతే గంట పడుతుంది. వేశాక కొద్ది దూరం పోనిచ్చి ఆగి మళ్లీ బిగించండి, 50 కిలోమీటర్ల వేగం దాటొద్దు. సరిహద్దు నుంచి కుఫ్‌స్టైన్ దక్షిణ నిష్క్రమణ దాకా హైవేకి విన్యెట్ (టోల్ స్టిక్కరు) అక్కర్లేదు, అక్కడ దిగి లోపలి రోడ్డు పట్టుకోవచ్చు.

మబ్బు పట్టిన రోజు వాలు ఎటుందో కూడా తెలియలేదు. అలాంటి రోజు వెళ్లొచ్చా? హిమపాతాల, అంటే కొండ మీది మంచు విరిగి జారిపడే ప్రమాదాల, బోర్డుల్లో అంకెలకు అర్థమేమిటి?
— ఒక పాఠకుడు, న్యూరెంబర్గ్

మబ్బు రోజున నీడలు పడవు, గుంతా గుట్టా ఒకే తెలుపులో కలిసిపోతాయి. అప్పుడు చెట్ల మధ్య ఉన్న దిగువ పిస్టులకు వెళ్లండి, చెట్టు నలుపు పక్కనుంటే కంటికి ఆనవాలు దొరుకుతుంది. గాగుల్స్ అద్దం మీద ఎస్1 అని ఉంటే వెలుగు బాగా లోపలికి వస్తుంది, ఎండకు ఎస్3. ఎస్4 చాలా ముదురు, కారు నడిపేటప్పుడు పెట్టుకోకూడదు. ఎండ లేదని గాగుల్స్ తీసేయొద్దు. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్ని 80 శాతం దాకా తిప్పికొడుతుంది. కంట్లో ఇసుక పోసినట్టు మంట కొన్ని గంటల తర్వాత, రాత్రి పడుకునే వేళకు మొదలవుతుంది.

హిమపాత ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా కొలుస్తారు. 3 అంటే మధ్యస్థం అనుకుని ధైర్యపడొద్దు, 3 చాలా గట్టి హెచ్చరిక. తెరిచి ఉన్న పిస్ట్‌ను నిర్వాహకులు కాపలా కాస్తారు. పిస్ట్ అంచున కట్టిన తాడు దాటి పక్కనున్న మెత్తటి మంచులోకి వెళ్తే ఆ కాపలా లేదు. నేర్చుకునేవాళ్లకు అక్కడ పనేమీ లేదు.

మీ ముందున్నవాళ్లకు దారి ఇవ్వాల్సింది మీరే, వెనక నుంచి వచ్చేవాళ్లదే బాధ్యత. గుట్ట దాటగానే కనిపించని చోట ఆగొద్దు. ఎవరైనా పడి లేవలేకపోతే వాళ్లకు కొంచెం పైన రెండు స్కీలు అడ్డంగా గుచ్చండి, పై నుంచి వచ్చేవాళ్లకు గుర్తు. ఆస్ట్రియాలో కొండ రెస్క్యూ నంబరు 140, ఐరోపా అంతటా 112. పక్కనున్న పిస్ట్ కర్ర మీది నంబరు చదివి చెప్పండి.

చివరి లిఫ్ట్ అయ్యాక పిస్ట్ మీద ఉండొద్దు. నిటారు వాలుల్లో మంచు చదును చేసే యంత్రాన్ని పైన కట్టిన ఉక్కు తాడు లాగుతుంటుంది. ఆ తాడు వందల మీటర్ల పొడవుంటుంది, మంచులో పూడుకుని ఒక్కసారిగా బిగుసుకుని పైకి లేస్తుంది, చీకట్లో అసలు కనిపించదు. సాయంత్రం హోటల్లో టీ తాగి ఆలస్యమైతే గొండోలాలో దిగండి. అదీ ఆగిపోయి ఉంటే అక్కడి సిబ్బందినే అడగండి, మీ అంతట మీరు పిస్ట్ మీద నడిచి దిగొద్దు.